బోన్సాయ్‌కి చవకలో మట్టి: ఇటుక, పెంకు, బేబీ చిప్స్, పెర్లైట్ మూడేళ్ళు వాడి చూశాక

ముందే చెప్పేస్తాను. మన ఎండలకీ మన వానలకీ మన జేబుకీ సరిపడే బోన్సాయ్ మట్టి ఏదంటే నా ఓటు పాత ఇంటి పెంకుకి. అది దొరకనివాళ్ళకి బాగా కాలిన ఎర్ర ఇటుక. రెంటిలో ఏదైనా సరే కొట్టి, జల్లించి, కడిగి వాడాలి. ఆ మూడు పనుల్లో ఏది వదిలేసినా కింద నేను రాసేదేదీ పనిచేయదు. మూడేళ్ళలో దాదాపు పది రకాల సరుకు తెచ్చి, కొన్ని చెట్లు పోగొట్టుకుని, కొన్నింటిని బతికించుకుని తెలుసుకున్న సంగతులివి.

మాది ఉప్పల్. డాబా మీద ఇప్పుడు పద్దెనిమిది చెట్లున్నాయి. ఫైకస్‌లు ఐదు, రావి ఒకటి, జువ్వి ఒకటి, చింతలు మూడు, సీమచింత ఒకటి, కాగితం పూల చెట్లు రెండు, జేడ్ మూడు, అడీనియంలు రెండు. పడమటి ఎండ సూటిగా కొడుతుంది, మే నెలలో మధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. నీళ్ళు బోరువి, బకెట్టు అంచున తెల్లటి చార కట్టే రకం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే మట్టి సంగతి ఊరిని బట్టి, నీటిని బట్టి మారుతుంది. ఊటీలోనో బెంగళూరులోనో పెంచేవాళ్ళు నా పాళ్ళు ఉన్నవున్నట్టు తీసుకోవద్దు, కొంచెం మార్చుకోవాలి.

ఈ వెతుకులాట మొదలైంది ఒక చింత పోయాక. మా ఊరి చెరువుగట్టు మీద మొలిచిన పిల్ల చింతని తెచ్చి, మామూలుగా నర్సరీల్లో చెప్పే పద్ధతిలోనే ఎర్రమట్టి ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు కలిపి, ఇష్టపడి కొనుక్కున్న పల్చటి కుండీలో పెట్టాను. వేసవంతా పచ్చగా ఉంది. ఆగస్టులో వారం పది రోజులు ముసురు పట్టింది. ఆకులు పసుపెక్కి రాలుతుంటే ఏం చేయాలో తెలియక వాన ఆగిన రోజు కూడా నీళ్ళు పోశాను. చివరికి పెకలించి చూస్తే మట్టి మొత్తం ఒకే ముద్ద, అడుగున మురుగు వాసన. ఒక వేరుని వేళ్ళతో పట్టి మెల్లగా లాగితే పై తొక్క మొత్తం ఊడి చేతికొచ్చింది, లోపల సన్నని దారంలాంటి ఈనె ఒక్కటే మిగిలింది. ఆ చెట్టుకి నాలుగేళ్ళు వయసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియడానికి చాలా రోజులు పట్టింది. బకెట్టంత లోతున్న తొట్టిలో ఆ మిశ్రమమే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, గులాబీలకీ మందారాలకీ నేను ఇప్పటికీ అదే వేస్తాను. తేడా అంతా కుండీ లోతులో ఉంది. మీకూ తెలియాలంటే వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజ్ ఒకటి తీసుకోండి. నీళ్ళలో నానబెట్టి, పిండకుండా, పరుపులా అడ్డంగా పట్టుకోండి. కారేవన్నీ కారి ఆగిపోయాక దాన్ని నిలువుగా తిప్పండి, మళ్ళీ ధారగా కారుతుంది. స్పాంజ్ అదే, అందులో రంధ్రాలూ అవే, మారింది ఎత్తు ఒక్కటే. మట్టి కూడా అంతే. ఏ మట్టికైనా అడుగున కొంత మేర నీళ్ళు కిందికి జారకుండా నిలిచిపోతాయి, కుండీకి ఎన్ని రంధ్రాలున్నా సరే. మట్టి ఎంత మెత్తగా ఉంటే ఆ తడి పొర అంత ఎత్తున నిలుస్తుంది. లోతైన తొట్టిలో అది అడుక్కే పరిమితం, పైన వేళ్ళకి గాలి ఆడుతుంది. రెండంగుళాల బోన్సాయ్ కుండీలో చెట్టు మొత్తం ఆ తడి పొరలోనే కూర్చుంటుంది. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు దిగిపోతాయని చాలామంది నమ్ముతారు, నేనూ చేశాను. దిగవు. పైగా రాళ్ళు ఆక్రమించినంత మేర ఆ తడి పొర ఇంకా పైకి, వేళ్ళ మధ్యకే వస్తుంది.

కాబట్టి బోన్సాయ్‌కి మెత్తటి మట్టి కాదు, గింజలు కావాలి. ఆ గింజ కొంచెం నీళ్ళు పీల్చుకోవాలి, గింజకీ గింజకీ మధ్య గాలి ఉండాలి, రెండు వానాకాలాలు తడిసినా కరిగి బురద కాకూడదు. నాకు ఇంట్లో పనికొచ్చిన కొలత పప్పుల డబ్బాలే. పెసర గింజకన్నా చిన్నది వద్దు, శనగ గింజకన్నా పెద్దది వద్దు. అరచేతిలో పట్టే చిన్న చెట్లకి మాత్రం ఆవగింజకీ పెసరకీ మధ్య సైజు. ఇంతే. ఈ సైజులో ఉండి, గట్టిగా ఉండి, కొంచెం నీళ్ళు పీల్చేది ఏదైనా నాకు సమ్మతమే, దాని పేరేదైనా కానివ్వండి.

పేరు అంటే గుర్తొచ్చింది, అకడామా. ఇంటర్నెట్లో బోన్సాయ్ వీడియో ఏది చూసినా అదే. జపనీస్ భాషలో అకడామా అంటే ఎర్ర బంతి. అది అగ్నిపర్వతాల బూడిద పేరుకుని ఏర్పడిన బంకమట్టి, తవ్వి, ఆరబెట్టి, జల్లించి సంచుల్లో నింపుతారు. జపాన్‌లో తోచిగి అనే ప్రాంతంలో కనుమ అనే ఊరుంది, ఆ ఊరి పేరుతోనే కనుమ అనే పసుపు రంగు తేలికపాటి రాయి కూడా అమ్ముతారు, అజేలియా పూల మొక్కలకి. నేను అకడామా రెండు లీటర్ల ప్యాకెట్టు ఒకటి కొన్నాను, ఎనిమిది వందల పైనే అయింది. వాడితే నిజంగా బాగుంది, అబద్ధం చెప్పను. తడిస్తే ముదురు రంగు, ఆరితే లేత రంగు, చూడగానే నీళ్ళు పోయాలో వద్దో తెలిసిపోతుంది. వేళ్ళు సన్నగా, చిక్కగా అల్లుకున్నాయి. కానీ రెండో వానాకాలానికి అడుగున మెత్తబడి పేస్టులా తయారైంది. జపాన్ వాళ్ళు కూడా రెండు మూడేళ్ళకోసారి మార్చేది అందుకే. పద్దెనిమిది కుండీలకి ఆ లెక్కన పోయాలంటే నా వల్ల కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి, జపాన్ తోటమాలులు అకడామా ఎంచుకున్నది అది వాళ్ళ దగ్గర్లోనే చవగ్గా దొరికే సరుకు కాబట్టి. ఓడల్లో వచ్చి, పన్నులు కట్టించుకుని మన దగ్గరికి చేరేసరికి ఖరీదైంది.

ఆ తర్వాత ఆన్‌లైన్లో రెడీమేడ్ బోన్సాయ్ మిక్స్ అని ఐదు కిలోల సంచీ తెప్పించాను, కంపెనీ పేరు అనవసరం. ఫొటోలో ఎర్రగా తెల్లగా నల్లగా గింజలు ముత్యాల్లా ఉన్నాయి. ఇంటికొచ్చాక ఒక కిలో తూచి టీ జల్లెడలో వేసి ఊపితే నాలుగు వందల గ్రాములు పొడి కిందికి దిగిపోయింది. అంటే నేను కట్టిన డబ్బులో దాదాపు సగం దుమ్ముకి. ఆ దుమ్ముతో సహా కుండీలో పోస్తే మొదటి నాలుగు తడులకే అది అడుగుకి చేరి సిమెంటులా పట్టేస్తుంది. అన్ని కంపెనీలూ ఇలాగే ఉంటాయని నేను అనను, ఆ తర్వాత ఇంకెవరి దగ్గరా కొనలేదు కూడా. ఎవరి దగ్గర కొన్నా ముందు ఒక కిలో జల్లించి చూడండి, అంతవరకు మంచి రివ్యూ ఇవ్వొద్దు.

ఇక ఇటుక. ఇంటికి దగ్గర్లో ఇటుక లారీలు ఆగే అడ్డా ఉంది. "అన్నా, ముక్కలు కావాలి, ఒక బస్తా" అంటే "మిద్దె మీద పోయడానికా?" అన్నాడతను. చెట్లకి అంటే కాసేపు నా ముఖం చూసి, లారీ అడుగున విరిగి మిగిలినవన్నీ బస్తాలో ఎత్తించి యాభై రూపాయలు తీసుకున్నాడు. అందులో సగం పనికిరాలేదు, ఎందుకో నాకు అప్పుడు తెలియదు. ఇటుకలన్నీ ఒకటి కాదు. బట్టీలో బయటి వరసల్లో ఉన్నవి సరిగా కాలవు, లేత నారింజ రంగులో, గోటితో గీస్తే గాటు పడేలా ఉంటాయి. అవి వానలో కరుగుతాయి. మంటకి మరీ దగ్గరగా ఉన్నవి కాలి కాలి నల్లబడి, గాజులా నున్నగా తేలతాయి, అవి నీళ్ళే పీల్చవు. మనకి కావలసింది నడిమిది, ముదురు ఎరుపు, రెండు ఇటుకలు ఒకదానికొకటి తాకిస్తే ఖంగున మోగేది. మేస్త్రీలు కూడా ఇటుక చూసేది ఇలాగే. ఇళ్ళు కట్టే మామూలు ఇటుక ఒక రోజంతా నానినా తన బరువులో 20 శాతానికి మించి నీళ్ళు పీల్చకూడదని మన దేశపు ప్రమాణాల్లో ఉంది. చెట్టు వైపు నుంచి చూస్తే అది తక్కువేం కాదు, కిలో ముక్కల్లో దాదాపు గ్లాసు నీళ్ళు దాక్కుంటాయన్నమాట.

అనుమానం ఉంటే గ్లాసు పరీక్ష చేయండి. శనగ గింజంత ముక్కలు పది, గ్లాసు నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచి, పొద్దున్నే ఒక్కోదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గట్టిగా నలపండి. నలిగితే ఆ ఇటుక వద్దు. నలగకుండా వేలికి నొప్పి పెడితే అది మంచి ఇటుక. బూడిద రంగు ఫ్లైయాష్ ఇటుకలు, సిమెంటు ఇటుకలు, తేలికపాటి తెల్ల బ్లాకులు మాత్రం తేవద్దు, వాటిలో సున్నమో సిమెంటో ఉంటుంది. అసలే మన బోరు నీళ్ళతో మట్టి క్షారం వైపు జరుగుతుంటుంది, దానికి ఇది తోడైతే ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, ఇనుము అందడం లేదని గుర్తు. కూల్చిన గోడల ఇటుకైతే అంటుకున్న మాల్ మొత్తం చెక్కేయాలి.

కొట్టడం గురించి. గోనెసంచిలో ఇటుక పెట్టి, ముందు గంటసేపు నీళ్ళలో నానబెట్టి, మూతి మడిచి సుత్తితో కొట్టాలి. నానబెట్టమనేది దుమ్ము లేవకుండా, ఇది చిన్న విషయం కాదు. ఇటుక దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళకి ఊపిరితిత్తులు పాడవుతాయి. మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, గదిలో కాకుండా ఆరుబయట చేయండి. నాకు మూడు కిలోల ఇటుకలో కిలోంబావు, మహా అయితే కిలోన్నర సరైన సైజు వస్తుంది. మిగిలిన పెద్ద ముక్కలు మళ్ళీ సంచిలోకి, పొడి తొట్టి మొక్కల్లోకి. జల్లెడలు రెండు కావాలి. ఒకటి శనగ గింజ ఆగేది, హార్డ్‌వేర్ షాపులో అడుగు లెక్కన ఇనుప జాలీ కొని చెక్క ఫ్రేముకి కొట్టుకున్నాను. రెండోది పెసర గింజ ఆగి అంతకన్నా చిన్నవి జారిపోయేది; అరచేతిలో పట్టే చెట్లకైతే కిటికీకి వేసే దోమల మెష్ సరిపోతుంది. జల్లించాక బకెట్టులో పోసి, చేత్తో కలిపి, ఎర్రనీళ్ళు వంపి, మళ్ళీ నీళ్ళు. బియ్యం కడిగినట్టే. మొదటి కడుగు టమాటా రసంలా ఉంటుంది, నాలుగైదు సార్లకి గ్లాసులో అటువైపు చెయ్యి కనబడేంత తేటగా వస్తే చాలు. ఆ కడిగిన నీళ్ళు సింకులో పోయొద్దు, పైపులో కూరుకుపోతుంది.

ఇటుక మీద నా అభిప్రాయం: పదికి ఏడున్నర. తీసేసిన ఆ రెండున్నర ఎందుకంటే శ్రమ ఎక్కువ, ప్రతి బస్తా ఒకేలా ఉండదు. ఇంకోటి, విదేశాల్లో కొందరు మంచుకి ఇటుక పగిలిపోతుందని వద్దంటారు, అది వాళ్ళ ఊళ్ళ బాధ, హైదరాబాదులో కుండీలో నీళ్ళు గడ్డకట్టవు కదా.

పెంకు కథ వేరు. గోదావరి వైపు రామచంద్రపురం దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ పెంకుటిల్లు రెండేళ్ళ కిందట విప్పి స్లాబ్ వేశారు. పెరట్లో బెంగళూరు పెంకులు నడుమెత్తు వరసలు పేర్చి ఉన్నాయి. ఒక పెంకు విరగ్గొట్టి చూస్తే లోపల ఎరుపు ఒకే తీరుగా, నెర్రె అన్నది లేకుండా, ఎన్నో ఏళ్ళు గోదావరి వానలు కురిసినా అంచు అరగకుండా ఉంది. ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది? నేను సుత్తి పట్టుకుని కూర్చుంటే పెద్దమ్మ వచ్చి "ఒరేయ్ నాన్నా, మీ పెదనాన్న ఒక్కో పెంకూ తనే ఎక్కించాడ్రా, అలా పొడి చేసేస్తున్నావేంట్రా" అంది. చెట్ల కిందకే పెద్దమ్మా, అన్నాను. అయితే సరేలే, నాకూ ఒక చెట్టు పెట్టివ్వు అంది. అప్పుడే మొదలుపెట్టిన ఒక ఫైకస్ ఇప్పుడు వాళ్ళ వరండాలో ఉంది.

పెంకు ఎందుకు మేలంటే, బెంగళూరు పెంకులు మంచి బంకమట్టిని మిషన్‌లో ఒత్తి, ఇటుకకన్నా జాగ్రత్తగా కాలుస్తారు. గట్టిగా ఉంటుంది, అయినా నీళ్ళు పీలుస్తుంది. కొడితే దుమ్ము తక్కువ, రెండు కడుగులకే నీళ్ళు తేటపడతాయి. ఆరితే రంగు తేలిపోతుంది కాబట్టి నీళ్ళు ఎప్పుడు పోయాలో అకడామా లాగే ఇదీ చెబుతుంది. నాసిరకం ఇటుక మొదటి వానాకాలానికే మెత్తబడిన చోట పెంకు రెండు వానాకాలాలు దాటి నిన్న పోసినట్టుంది. లోపం ఒకటుంది. పెంకు పల్చన కాబట్టి ముక్కలు బిళ్ళల్లా పడతాయి, బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పడుకుంటే గాలి ఆడదు. అందుకే పెంకు ముక్కల్ని ఒక్కటే పోయకుండా కొంచెం రాతి చిప్స్ కలపాలి, బిళ్ళల మధ్య అవి అడ్డుపడతాయి. పాత గూన పెంకులూ వాడాను, అవి చేత్తో చేసి ఆవంలో కాల్చినవి కాబట్టి ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, ప్రతి పెంకుకీ గ్లాసు పరీక్ష తప్పదు. హైదరాబాదులో అయితే పాత తలుపులు, కిటికీలు, దూలాలు అమ్మే షాపుల వెనక విరిగిన పెంకుల కుప్పలు ఉంటాయి, అడిగితే చిల్లరకే ఇస్తారు. రంగు వేసిన పెంకులు మాత్రం వద్దు. పదికి తొమ్మిది.

రాతి చిప్స్ అంటే ఇళ్ళ పనుల్లో బేబీ చిప్స్ అంటారే, ఆ గ్రానైటు ముక్కల్లో సన్నవి. నీళ్ళు దాదాపు పీల్చవు, కరగవు, మారవు. వీటి పని గాలిదారులు తెరిచి ఉంచడం, చెట్టుకి బరువు ఇచ్చి గాలివానకి పడిపోకుండా చూడటం. తట్టకి ఇంత అని బేరమాడితే ఏడాదికి సరిపడా వస్తాయి. జల్లించి కడగడం మామూలే. తాండూరు రాయి, నాపరాయి ముక్కలు కలవకుండా చూసుకోండి, అవి సున్నపురాళ్ళు. అలంకారానికి అమ్మే తెల్ల పాలరాతి చిప్స్ కూడా అంతే. అనుమానంగా ఉంటే రాయిని కొంచెం నూరి ఆ పొడి మీద వెనిగర్ చుక్కలు వేయండి, నురగొస్తే పక్కన పడేయండి.

ఇసుక గురించి ఎక్కువ చెప్పను. ఇళ్ళు కట్టే సన్నటి ఇసుక బోన్సాయ్‌కి శత్రువు, గింజల మధ్య ఖాళీలన్నీ నింపేస్తుంది. రాతిపొడి ఇసుక మరీను, దాన్లో పిండిలాంటి పొడి చాలా ఉంటుంది. వాగు ఇసుక జల్లిస్తే పైన మిగిలే గరుకు రాళ్ళు మాత్రం బంగారం, దొరికితే వదలొద్దు.

పెర్లైట్ మంచి సరుకే, దాన్ని తప్పు పట్టను. అగ్నిపర్వతపు గాజురాయిని 900 డిగ్రీల దాకా వేడి చేస్తే పేలాల్లా ఉబ్బుతుంది, అందుకే అంత తేలిక. కొమ్మలు వేరు పట్టించడానికి నేను ఇప్పటికీ అదే వాడతాను. కానీ బోన్సాయ్ కుండీలో పైపుతో నీళ్ళు పోసిన ప్రతిసారీ పైకి తేలి వస్తుంది, నెల తిరిగేసరికి కుండీ మీద తెల్లగా థర్మోకోల్ చల్లినట్టు ఉంటుంది, గాలికి డాబా అంతా పరుచుకుంటుంది. సంచీ విప్పేటప్పుడు ముందు లోపల నీళ్ళు చిలకరించండి, ఆ తెల్ల దుమ్ము కళ్ళల్లో, గొంతులో పడితే రోజంతా మంట.

లేకా బంతులు, హైడ్రోటాన్ అని కూడా అమ్ముతారు, కాల్చి ఉబ్బించిన మట్టి గోళీలు. ఉన్నవున్నట్టు వాడితే గుండ్రంగా, పెద్దగా ఉండి చెట్టు నిలవదు, వేరు పట్టు దొరక్క అల్లాడుతుంది. పగలగొట్టి వాడితే మాత్రం లోపల తేనెపట్టులా ఉండే భాగం బయటపడి చాలా బాగా పనిచేస్తుంది. డాబా మీద బరువు తగ్గించుకోవాలనుకునేవాళ్ళకి, అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెంచేవాళ్ళకి ఇది సరైనది. ధర ఇటుకకి చాలా రెట్లు.

ప్యూమిస్, అంటే అగ్నిపర్వతపు నురగరాయి గురించి ఒక్క మాట, దొరికితే, డబ్బుంటే కళ్ళు మూసుకుని కొనండి. నాకు రెండు కిలోలు మించి కొనే స్తోమత లేక అది రావిచెట్టుకే పోసేశాను.

పిల్లుల మట్టి సంగతి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నేను ఇంకో చెట్టు పోగొట్టుకున్నాను. డల్లాస్‌లో ఉండే మా బావ అక్కడ బోన్సాయ్ పెంచుతాడు. వాళ్ళకి ఆటో విడిభాగాల షాపుల్లో నేల మీద ఒలికిన నూనె పీల్చే డయటమైట్ అనే ఒక రకం రాతి గుళికలు చవగ్గా దొరుకుతాయి, అది వాడతాడు. కొన్ని దేశాల్లో పిల్లుల మట్టిగా కూడా అదే అమ్ముతారని చెప్పాడు. నేను ఆ మాట పట్టుకుని ఇక్కడ పెట్ షాపులో పిల్లుల మట్టి కొనుక్కొచ్చి ఒక జేడ్‌కి పోశాను. మన దగ్గర ఎక్కువగా దొరికేది బెంటోనైట్, తడి తగిలితే ఉబ్బి గడ్డకట్టే బంకమట్టి, పిల్లులకి కావలసిందీ అదే. పొద్దున్న నీళ్ళు పోస్తే సాయంత్రానికి కుండీ నిండా నల్లటి హల్వా. చెట్టుని కడిగి తీయడానికి రెండు గంటలు పట్టింది, సన్నవేళ్ళన్నీ ఆ ముద్దలోనే పోయాయి. సంచీ మీద గడ్డకడుతుందని రాసి ఉంటే అది మొక్కలకి కాదు, అంతే.

స్నానాల గదుల్లో పల్లం నింపడానికి పోసే సిండర్, అంటే కాలిన బొగ్గు గడ్డలు కూడా ఒక మిత్రుడి మాట మీద ప్రయత్నించాను. తేలిగ్గా, నిండా రంధ్రాలతో, చూడ్డానికి అచ్చం ప్యూమిస్ లాగే ఉంటుంది. ఒక వానాకాలమంతా డాబా మీద వానకి వదిలేసి, లవణాలన్నీ కడిగేశాకే వాడాను. ఫైకస్‌లకి ఏ ఇబ్బందీ రాలేదు. బొగ్గులో ఏమేం ఉంటాయో కాబట్టి తినే కాయల చెట్లకి వేయను.

కోకోపీట్ మంచిదే, పాళ్ళు తెలిసి వాడాలి. ఇటుక సైజు దిమ్మెలు కొన్నప్పుడు ఉప్పు బాగా ఉంటుంది, రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి పిండాలి. మేలో రెండు పూటలా నీళ్ళు పోయలేనివాళ్ళు పదింటికి ఒక పాలు కలుపుకోండి, అంతకు మించితే ఆగస్టులో నా చింతకి పట్టిన గతే. పొడికన్నా కొబ్బరి చిప్స్ అని ముక్కలుగా దొరికేవి నయం.

ఇప్పుడు నా పాళ్ళు. ఫైకస్, రావి, జువ్వికి పెంకు ఆరు, చిప్స్ రెండు, కట్టెబొగ్గు ముక్కలు ఒకటి, జల్లించిన వర్మీకంపోస్టు ఒకటి. చింతకీ సీమచింతకీ కాగితం పూలకీ చిప్స్ మూడు చేసి పెంకు ఐదుకి తగ్గిస్తాను. జేడ్, అడీనియం అయితే చిప్స్ ఐదు, పెంకు నాలుగు, వర్మీకంపోస్టు ఒకటి, వానాకాలంలో ఆ ఒక్కటీ కూడా లేకపోయినా వాటికి బాగుంటుంది. ఈ లెక్కన ఒక మధ్యరకం కుండీకి నాకయ్యే ఖర్చు ఇరవై రూపాయల లోపు, ఒళ్ళు నొప్పులు వేరే.

చవక సరుకుకి వేరే రకం బాకీ ఉంటుంది, అది ముందే తెలుసుకోవాలి. కాల్చిన మట్టి ఎరువుని పెద్దగా పట్టి ఉంచదు, పోసినదంతా నీళ్ళతో జారిపోతుంది. కాబట్టి ఎరువు తక్కువ మోతాదులో, తరచుగా. నేను వేపపిండి, తెలకపిండి కలిపి పల్చటి గుడ్డలో లడ్డూల్లా చిన్న మూటలు కట్టి కుండీ మీద పెడతాను, నీళ్ళు పోసినప్పుడల్లా కొంచెం కొంచెం దిగుతుంది. ఆముదపు పిండి కూడా బలమైనదే కానీ ఇంట్లో కుక్క ఉంటే దగ్గరికి రానివ్వొద్దు, వాసనకి ఆశపడి తింటుంది, అది దానికి విషం. నీళ్ళు వేసవిలో రెండు పూటలా తప్పవు. ఊరెళ్ళాల్సొస్తే కుండీల్ని నీడలోకి మార్చి, పైన తడి గోనెపట్టా కప్పి, పక్కింటి వాళ్ళకి తాళం ఇచ్చి వెళ్తాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. కడియం నర్సరీల వైపు నుంచి వచ్చే మొక్కలకి వేళ్ళ చుట్టూ గోదావరి ఒండ్రుమట్టి ఒక ఉండలా కట్టి ఉంటుంది. చెట్లు ఆరోగ్యంగా ఉంటాయి, ఆ మట్టిలో లోపమేమీ లేదు. కానీ ఆ ఉండని కదపకుండా తెచ్చి ఇటుక ముక్కల మధ్య పెడితే నీళ్ళు ఆ ముక్కల గుండా చుట్టూ జారిపోతాయి, మధ్యలో ఉండ ఎండి రాయైపోతుంది. నా మొదటి ఫైకస్ ఇలాగే రోజూ నీళ్ళు పోస్తున్నా ఎండిపోయింది, ఉండని కోసి చూస్తే నడిమధ్యలో వేలికి తడి తగల్లేదు. ఇప్పుడు బకెట్టు నీళ్ళలో నానబెట్టి, మొదటి ఏడాది సగం మట్టి, రెండో ఏడాది మిగతా సగం చాప్‌స్టిక్‌తో మెల్లగా దువ్వి తీస్తాను. ఫైకస్ జాతి చెట్లకి ఫిబ్రవరి చివరి నుంచీ తొలకరి దాకా ఎప్పుడైనా చేయొచ్చు, చింతకి కొత్త చిగురు వేసే ముందు.

ఈ ఫిబ్రవరిలో జువ్విని కుండీలోంచి తీశాను, పెంకులో పెట్టి రెండేళ్ళయింది. కుండీ తిప్పగానే మొత్తం ఒక్క చాపలా ఊడొచ్చింది, అడుగున ఎక్కడా బురద లేదు, వాసన చూస్తే తొలకరికి తడిసిన పెరట్లా ఉంది. తెల్లటి సన్నవేళ్ళు ఒక్కో ముక్కనీ చుట్టుకుని పట్టుకున్నాయి. ఒక ముక్కని విడదీద్దామని వేలితో కదిపాను, రాలేదు. దగ్గరగా చూస్తే పెంకులో సూదిమొనంత రంధ్రంలోకి ఒక వేరు దూరి అటువైపు నుంచి బయటికొచ్చింది. అడుగు వేళ్ళు మూడో వంతు కత్తిరించి, ఆ ముక్కని మాత్రం ఉన్నచోటే ఉంచి, చుట్టూ కొత్త పెంకు పోశాను.